గొంతులో పుల్ల

"అబద్ధం! మీరు అబద్ధం చెప్పినారు టీచర్!"

నూర్జాన్ అరుపుకు బడి వరండాలో ఉన్నవాళ్ళందరూ తిరిగి చూశారు. కళ్ళ నిండా నీళ్ళు, ఆగని దగ్గు. నర్సు షారన్ గారి చేతిలోని దూదిపుల్లను తోసేసింది. అది నేలమీద పడింది.

నూర్జాన్ చదివే ఐదో తరగతిలో ఒకరికి కరోనా వచ్చింది. అందుకని విడవలూరు దగ్గరి ఆ బడిలో పిల్లలందరికీ గొంతులోంచి శాంపిల్ తీస్తున్నారు. "ఏమీ తెలియదమ్మా, నోరు తెరిస్తే చాలు" అంది రేవతి టీచర్. తీరా పుల్ల తగలగానే నూర్జాన్‌కు వాంతి అయినంత పనైంది.

"కింద పడింది కదమ్మా, మళ్ళీ తీయాల్సిందే" అన్నారు షారన్ గారు.

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. నూర్జాన్‌కు ఒళ్ళు మండిపోయింది. విసవిసా నడిచి, వరుసలో ఉన్న చిన్నపిల్లల ముందు నిలబడింది.

"పుల్ల పొట్టదాకా తోస్తారు! రక్తం కూడా వస్తుంది!"

ఇద్దరు ఏడుపందుకున్నారు. రెండో తరగతి చదివే ఆమె తమ్ముడు మౌలా పరుగెత్తి, బాత్‌రూములో దూరి గడియ పెట్టుకున్నాడు.

టీచర్ తలుపు కొట్టింది. "ఏమీ కాదురా, బయటికి రా."

"నేను రాను! రక్తం వస్తుందని మా అక్క చెప్పింది!"

లోపల వాడు వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. మధ్యలో ఊపిరాడనట్టు దగ్గుతున్నాడు. నూర్జాన్‌కు టీచర్ మీద కోపం తగ్గలేదు. ఇప్పుడు తన మీద కూడా కోపం వచ్చింది. తలుపు దగ్గరికి వెళ్ళింది.

"మౌలా, ఏడవమాకరా. రక్తం రాదు. కోపంలో నేనే కల్పించి చెప్పినా."

"అయితే ఏమీ కాదా?"

నూర్జాన్ టీచర్ వైపు గుర్రుగా చూసింది. "అవుతుంది. కక్కు వచ్చినట్టుంటుంది. కళ్ళల్లో నీళ్ళొస్తాయి. పుల్ల తీసేస్తే పోతుంది. నాకు మళ్ళీ తీయాలంట. పక్కన నిలబడి చూడు. చూసినాక నీ ఇష్టం."

గడియ తీసిన చప్పుడైంది.

"నేను ముందే నిజం చెప్పాల్సింది నూర్జాన్" అంది రేవతి టీచర్.

"నాకింకా కోపంగానే ఉంది టీచర్."

నూర్జాన్ వెళ్ళి కుర్చీలో కూర్చుంది. రెండు చేతులతో కుర్చీ అంచులు గట్టిగా పట్టుకుని నోరు తెరిచింది. పుల్ల తగలగానే మళ్ళీ కక్కు వచ్చినట్టయింది. మళ్ళీ కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. చేతులు మాత్రం కదల్లేదు.

"అయిపోయింది" అన్నారు షారన్ గారు.

"కక్కొచ్చిందా అక్కా?" అడిగాడు మౌలా.

"వచ్చినట్టయింది. పోయింది."

అక్క లేవగానే మౌలా కుర్చీ ఎక్కాడు. నూర్జాన్ వాడి చేయి పట్టుకుని, వరుసలో ఏడుస్తున్న పిల్లలవైపు తిరిగింది.

"ఇందాక నేను చెప్పింది అబద్ధం. ఇట్రాండి, నిజంగా ఎట్టుంటుందో చెప్తా."