నలభై మిల్లీసెకన్ల తప్పు

యంత్రం వాయింపు ముగిసింది. చప్పట్లు ఇంకా ఆగనే లేదు. ముందు వరుసలో కూర్చున్న డ్రమ్స్ టీచర్ లేచి, తెర మీదున్న యంత్రం ప్రోగ్రామ్ వైపు వేలు చూపించింది.

"అక్కడ 'మేడమ్ తప్పు, నలభై మిల్లీసెకన్లు, తీసేశా' అని రాసుకున్నారు. ఆ మేడమ్ నేనేనా అండీ?"

హాలంతా గొల్లుమంది. ఇంజనీరుకి తల కొట్టేసినట్టయింది.

అతను కట్టిన యంత్రం నిజం డ్రమ్ముల్నే వాయిస్తుంది. ఆరు డ్రమ్ములు, ఆరు పుల్లలు, పుల్లల్ని టకటకా కిందికి తోసే కాయిల్స్, అన్నిటి మీదా పెత్తనానికి అగ్గిపెట్టంత మైక్రోకంట్రోలర్. నెలల తరబడి టీచర్ క్లాసుకి వెళ్ళి, ఆమె డ్రమ్ములకి సెన్సర్లు అంటించి, ఆమె చేతివాటం మొత్తం అందులోకి ఎక్కించాడు. నాలుగో దెబ్బ ప్రతిసారీ కాస్త ఆలస్యంగా పడుతోందని, తన తెలివికి తనే మురిసిపోయి దాన్ని సరిచేశాడు.

"అది తప్పు కాదండీ. అక్కడ కావాలనే ఆగుతాను. ఒక్క మాట అడిగుంటే చెప్పేదాన్ని కదా!" అనేసి ఆమె వెళ్ళిపోయింది.

సాయంత్రం ఆమె క్లాసుకి వెళ్ళాడు. ఎనిమిదిమంది శిష్యులు వాయిస్తున్నారు. కిటికీ దగ్గర టీచర్ వాళ్ళ నాన్న డ్రమ్ముకి కొత్త తోలు బిగిస్తున్నాడు. ఇంజనీరు ఆమెని గుమ్మం బయటికి పిలిచి, "సారీ అండీ" అని గొణిగాడు.

"నలుగురిలో నన్ను నవ్వులపాలు చేసి, మూలకి పిలిచి సారీనా? బాగుంది సార్ వరస!"

ఆ మాట నిజం. అందుకే మరీ సిగ్గేసింది. ఇప్పుడు తిరిగి వెళ్ళిపోతే ఇక ఈ గుమ్మం తొక్కే మొహం ఉండదని తెలుసు. చెప్పులు విడిచి గది మధ్యకి నడిచాడు. వాయింపు ఆగిపోయింది.

"మేడమ్‌ది తప్పు కాదు. నాకే తాళం తెలీదు. అడగాలనే వచ్చేవాణ్ణి, ఈవిడ ఇటు చూడగానే ప్రశ్న మర్చిపోయేవాణ్ణి. సెన్సర్ల పని మొదటి వారంలోనే అయిపోయింది. మిగతా మూడు నెలలూ... ఈవిడ్ని చూడ్డానికే వచ్చాను."

"ఏంటి బాబూ? జీవితమంతా డ్రమ్ముల మధ్యే, సరిగ్గా వినపడి చావదు. గట్టిగా చెప్పు" అన్నాడు నాన్న.

గట్టిగా చెప్పాడు. అరిచినట్టే వచ్చింది గొంతు. శిష్యులు నోళ్ళకి చేతులడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. అతనికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆమె నవ్వలేదు. "మరి రోజూ సెన్సర్ ఊడిపోయిందని వచ్చేవారు కదా?"

"వెళ్ళేముందు నేనే పీకేవాణ్ణి."

"రోజూ కాదులెండి." ఆమె డ్రమ్ము వైపు తిరిగి మెల్లగా అంది. "మీరు మర్చిపోయిన రోజున నేను పీకేదాన్ని."

"ఇది వినపడిందమ్మా" అన్నాడు నాన్న.