ఏటి పోరంబోకు

శనివారం పొద్దున్నే లక్ష్మీపతి కారు ట్రంక్‌లో కొలతల టేపు, కొయ్యమేకులు, ఎర్ర రిబ్బన్ చుట్ట సర్దేశాడు. పులిహోర డబ్బా, మజ్జిగ కేను చేత్తో పట్టుకుని జ్ఞానప్రసూన పక్కనే నిలబడింది. తన సామానుకు ఇక చోటెక్కడుందా అని చూస్తోంది.

"ఆ మేకులు వెనక సీట్లో పెట్టొచ్చుగదండీ. మజ్జిగ ఒలికిపోతుంది."

"మజ్జిగదేముంది ప్రసూనా, మళ్ళీ చేసుకోవచ్చు. సోమవారం ఎక్స్‌కవేటర్ వస్తోంది. ఇవాళే మార్కింగ్ అయిపోవాలి."

ఆమె కేను ఒళ్ళో పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. ఫార్మింగ్టన్ హిల్స్ దాటి హైవే ఎక్కాక కూడా నోరు విప్పలేదు. మాట్లాడిందంతా ఆయనే. లక్ష్మీపతి ముప్పై ఏళ్ళు కార్ల కంపెనీలో బ్రేకులు డిజైన్ చేసి రిటైరయ్యాడు గానీ, మాట మొదలుపెడితే ఆయనకే బ్రేకులుండవని స్నేహితులు ఆటపట్టిస్తారు. అంతసేపు భార్య ఊఁ కొట్టకుండా కూర్చుందంటే మనసులో ఏదో ఉందని ఆయన గ్రహించాల్సింది. గోడ గోలలో పడి గ్రహించలేదు.

గోడంటే అమెరికాలో, మిషిగన్ పక్కనున్న హ్యూరాన్ సరస్సు ఒడ్డున కట్టబోయే బండరాళ్ళ గోడ. ఇరవై ఏళ్ళ కిందట కొన్న స్థలం వాళ్ళకు అక్కడుంది. వెనక చెట్లు, మధ్యలో చిన్న చెక్క క్యాబిన్, ముందు గడ్డి మొలిచిన ఇసక దిబ్బలు, ఆ తర్వాత కనుచూపు మేర నీళ్ళే. దిబ్బలు చదును చేయించి, గోడ కట్టించి, నీళ్ళకెదురుగా పెద్ద ఇల్లు లేపాలని ఆయన కోరిక. ఆ స్థలం కాగితాన్ని డీడ్ అనడు, పట్టా అంటాడు. లామినేట్ చేయించి దేవుడి అల్మారాలో వెంకటేశ్వరస్వామి పటం వెనక పెట్టాడు. శుక్రవారం స్వామికి బొట్టు పెట్టేటప్పుడు పట్టాకి కూడా ఓ చుక్క పెట్టమని భార్యను పోరతాడు. ఆమె పెడుతుంది కూడా, నవ్వుకుంటూ.

వాళ్ళ ఒక్కగానొక్క కూతురు భవిత ఆ సరస్సు తీరాన్ని కాపాడే ఓ ల్యాండ్ ట్రస్టులో పనిచేస్తుంది. ట్రస్టంటే గుడి ట్రస్టనుకుని ప్రసాదం తెచ్చావా అని అడిగినవాళ్ళున్నారు. విసుగెత్తి లక్ష్మీపతి అందరికీ 'ఎన్విరాన్‌మెంటల్ ఇంజనీర్' అని చెప్పేస్తుంటాడు.

వాళ్ళు చేరేసరికి భవిత క్యాబిన్ మెట్ల మీద కూర్చుని తనలో తాను ఏదో వల్లె వేసుకుంటోంది. తండ్రిని చూడగానే లేచి వచ్చి వాటేసుకుంది.

"ఏంటమ్మా, ఎగ్జామ్ ఉన్నట్టు చదువుతున్నావ్?"

"తర్వాత చెప్తాను నాన్నా. సర్‌ప్రైజ్."

ఆయన మురిసిపోయి టేపు, మేకులు, సుత్తి పట్టుకుని దిబ్బల మీదికి నడిచాడు. గడ్డి పాదాలకు అడ్డం పడుతుంటే గుప్పెడు పట్టి పీకాడు. మీటరు పొడుగు వేరు ఇసకలోంచి తాడులా లేచి వచ్చింది.

"నాన్నా, ప్లీజ్! అది పీకొద్దు. సాండ్‌ని పట్టుకునేది అదే."

"పిచ్చిగడ్డి తల్లీ. ఎలాగూ ఎల్లుండి మొత్తం పోతుంది." ఆయన మొదటి మేకు దిగ్గొట్టి ఎర్ర రిబ్బన్ కట్టాడు. "ఇదిగో, గోడ ఇక్కణ్ణుంచి అదిగో ఆ బండ దాకా."

"వేవ్స్ గోడకి కొట్టి వెనక్కి వెళ్ళవు నాన్నా, పక్కకి వెళ్తాయి. మన సాండ్ సేఫ్‌గా ఉంటుంది, పక్కింటి హెలెన్ ఆంటీ క్యాబిన్ కిందది పోతుంది."

"ఆవిడ కూడా కట్టుకుంటుంది. ఎవరి స్థలం వాళ్ళు చూసుకోవాలి."

అప్పటిదాకా మెట్ల దగ్గరే నిలబడి వింటున్న జ్ఞానప్రసూన గబగబా వచ్చింది. నడుములో దోపిన చెంగు తీసి ముఖం తుడుచుకుంది.

"ఏమండీ, మీకో మాట చెప్పాలి. మధ్యాహ్నం భోజనానికి రూత్ అనే ఆవిడ వస్తోంది."

"భవిత ఫ్రెండా?"

"భవిత ఆఫీసావిడ. నేనే ఫోన్ చేసి పిలిచాను. మన స్థలం ట్రస్టు రక్షణలో పెడదామని."

లక్ష్మీపతి చేతిలో సుత్తి అలాగే ఆగింది. ఆయన ముందు కూతురి వైపు చూశాడు.

"నాకు సంబంధం లేదు నాన్నా, ఆనెస్ట్‌గా. ఇది నా పేరెంట్స్ ల్యాండ్ కాబట్టి ఈ ఫైల్ నేను టచ్ చేయకూడదు, ఆఫీస్ రూల్. రూత్ చూస్తుంది. నేను ఓన్లీ డాటర్‌గా వచ్చాను."

"అంటే మీ అమ్మ నా వెనక గొయ్యి తవ్వింది!"

"నేనెందుకు తవ్వుతాను? తవ్వేది మీరు, సోమవారం మిషను పెట్టి!" జ్ఞానప్రసూన గొంతు ఎన్నడూ లేనంత పైకి లేచింది. "నాలుగు నెలలుగా చెబుతున్నాను. ఒక్కరోజైనా విన్నారా? ఇరవై ఏళ్ళుగా మీరు ఇక్కడికి కొలతలు తీయడానికి వస్తున్నారు. నేను కూర్చోవడానికి వస్తున్నాను. ఆ గులకరాళ్ళలో గుడ్లు పెట్టుకునే పిట్టలు నాకు తెలుసు, మీకు తెలుసా? పట్టాలో నా పేరు కూడా ఉంది. నా సంతకం లేకుండా గోడ ఎలా కడతారో చూస్తాను."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ ఆయన్ని ఇలా నిలదీసింది లేదు. లక్ష్మీపతి ముఖం కందగడ్డలా అయింది.

"కష్టపడి కొన్నాను. ఎవరికో రాసిచ్చేసి చేతులు దులుపుకోమంటావా?"

"ఇచ్చేయడం కాదు నాన్నా," భవిత ఇద్దరి మధ్యకీ వచ్చింది. "ల్యాండ్ మీదే. అమ్ముకోవచ్చు, నాకు ఇవ్వొచ్చు. క్యాబిన్ రిపేర్ చేసుకోవచ్చు. బట్ దిబ్బలు తవ్వడం, గోడ కట్టడం ఎవరికీ కుదరదు. తర్వాత కొన్నవాళ్ళకి కూడా. అలా జరుగుతోందా లేదా అని ట్రస్ట్ నుంచి ఎవరో ఒకరు ఏటా వచ్చి నడిచి చూస్తారు."

"ఏటా వస్తారా? నా స్థలానికి వచ్చి కొలుస్తారా?" ఆయన గొంతు వింతగా మారింది.

భవిత అది కోపమనుకుంది. ఇదే సమయమనుకుంది పాపం. నిటారుగా నిలబడి, మెట్ల మీద వల్లె వేసుకున్నది ఒక్కో మాటా కూడబలుక్కుని చెప్పింది.

"నాన్నా, నేను తెలుగులో ప్రాక్టీస్ చేశాను, నవ్వొద్దు. మన ఈ మంచి స్థలాన్ని... మనం కలిసి... పోరంబోకు చేద్దాం."

లక్ష్మీపతి నవ్వలేదు. సుత్తి ఇసకలో జారవిడిచి, ఎవరి వైపూ చూడకుండా నీళ్ళ వైపు నడిచి వెళ్ళిపోయాడు.

"ఎంత మాటన్నావే!" జ్ఞానప్రసూన నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "ఆ మాట ఎవరు నేర్పారు నీకు?"

"డిక్షనరీలో చూశానమ్మా! ఎవరి పేరునా లేని, అందరి కోసం వదిలిన ల్యాండ్ అని ఉంది. పర్ఫెక్ట్ వర్డ్ కదా?"

"అది మనుషుల్ని తిట్టే మాట! పనీపాటా లేని వెధవల్ని అంటారు. మన రామమోహన్ అన్నయ్య ఓసారి పేకాటలో సరదాకి అన్నాడని మీ నాన్న ఆర్నెల్లు ఆయనతో మాట్లాడలేదు. ఎందుకని అడిగితే నాకూ చెప్పలేదు."

భవితకు ఏడుపు ముంచుకొచ్చింది. అమెరికాలో పుట్టిన పిల్ల నాన్న భాషలో నాన్నను సంతోషపెడదామనుకుంటే ఇలా అయింది. ఆమె చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని తండ్రి దగ్గరికి పరిగెత్తింది. ఆయన తడి ఇసకలో గొంతుక్కూర్చుని ఉన్నాడు.

"సారీ నాన్నా. తిట్టు అని తెలీదు. ఐ స్వేర్."

"నువ్వు తిట్టలేదులే తల్లీ. నువ్వన్నదే అసలైన అర్థం." ఆయన సరస్సు వైపే చూస్తూ చెప్పాడు. "మా ఇల్లు మునేటి ఒడ్డున ఉండేది. ఏటి పోరంబోకు. ఇల్లంటే గుడిసె. మాకు సెంటు నేల లేదు. ఎండాకాలం ఏట్లో నీళ్ళు తగ్గితే మా అమ్మ ఇసకలో పుచ్చపాదులు పెట్టేది. బళ్ళో మాస్టారు హాజరు పిలిచేటప్పుడు నా పేరు పిలిచేవాడు కాదు. 'ఏరా పోరంబోకూ, వచ్చావా' అనేవాడు. క్లాసంతా నవ్వేది. నేను 'వచ్చానండీ' అని పలికేవాణ్ణి."

జ్ఞానప్రసూన కూడా వచ్చి వెనక నిలబడింది. ఆమె కళ్ళు నిండాయి. ఇన్నేళ్ళూ తాను నవ్వుకుంటూ పట్టాకి బొట్టు పెట్టింది దేనికో ఇప్పుడు తెలిసింది.

"ఏటా రెవెన్యూ ఆఫీసు నుంచి ఆర్.ఐ. గొలుసు పట్టుకుని వచ్చేవాడు, ఒడ్డు కొలవడానికి. మా అమ్మ ఆయనకి మజ్జిగ ఇచ్చేది, ఖాళీ చేయమనకుండా ఉంటాడని. ఆయన తాగేవాడు. ఒక ఏడు తాగి, మూతి తుడుచుకుని, ఖాళీ చేయమన్నాడు."

"ఆ ఆర్.ఐ. తీసుకున్నాడా ల్యాండ్?" భవిత అడిగింది.

"ఆయనకేం పని? ఊళ్ళో ఒక పెద్దమనిషి దానికి పట్టా పుట్టించుకున్నాడు. పోరంబోకు అమ్మకూడదు, కొనకూడదు. అయినా పుట్టించాడు. ఒడ్డున రెల్లుగడ్డి మొత్తం పీకించాడు. ఇసక లారీలకెత్తాడు. తన మామిడితోట కొట్టుకుపోకుండా రాళ్ళతో గట్టు కట్టించాడు. మేం వెళ్ళి అవతలి ఒడ్డున గుడిసె వేసుకున్నాం. ఆ ఏడు వరదకి ఏరు ఆ గట్టుకి కొట్టి మా వైపు తిరిగి..."

ఆయన ఆగిపోయాడు.

లక్ష్మీపతి మెల్లగా తల తిప్పి దిబ్బ మీద తను కొట్టిన మేకును చూశాడు. ఎర్ర రిబ్బన్ గాలికి రెపరెపలాడుతోంది. దాని పక్కనే ఆయన పీకిన గడ్డి వేరుతో సహా ఎండలో పడి ఉంది. అవతల హెలెన్ క్యాబిన్. ఆవిడ వాకిట్లో ఆరేసిన దుప్పటి కనిపిస్తోంది.

"మా గుడిసె పోయింది," అన్నాడు. "అమ్మ పాదుల కోసం దాచుకున్న విత్తనాలు పోయాయి. అవి పోయినందుకే ఎక్కువ ఏడ్చింది. వెర్రిది." ఇక ఆపుకోలేకపోయాడు. బ్రేకులు తయారు చేసిన మనిషి చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. "నన్ను పోరంబోకన్నవాడి మీద కోపం పెట్టుకుని బతికాను ప్రసూనా. చివరికి ఆ గట్టు కట్టినవాడిలా తయారయ్యాను."

"తయారవలేదు. సోమవారం ఇంకా రాలేదుగా," అంది జ్ఞానప్రసూన, పక్కన కూర్చుని చెంగుతో ఆయన ముఖం తుడుస్తూ.

ఆయన అక్కడే కూర్చుని ఎక్స్‌కవేటర్ వాడికి ఫోన్ చేసి రావద్దన్నాడు. తర్వాత దిబ్బ ఎక్కి మేకు పెరికాడు. పీకిన గడ్డిని తీసుకెళ్ళి అదే గుంటలో పెట్టి చేతులతో ఇసక కప్పుతుంటే, అది బతుకుతుందా నాన్నా అని అడగబోయి భవిత ఊరుకుంది.

ఒంటి గంటకు రూత్ వచ్చింది. నెరిసిన జుట్టు, బురద బూట్లు, మెడలో బైనాక్యులర్స్. ముగ్గురి కళ్ళూ ఎర్రగా ఉండటం చూసి, కావాలంటే ఇంకో రోజు వస్తానని మొహమాటపడింది. లక్ష్మీపతి వద్దు, ఉండమన్నాడు. తనే కేను మూత తీసి, గ్లాసు నిండా మజ్జిగ పోసి ఆవిడ చేతికిచ్చాడు.

"ఏటా మీరే వస్తారా?" అని ఇంగ్లీషులో అడిగాడు.

"నేనో, నా తర్వాత వచ్చేవాళ్ళో. మీకు ఇబ్బందా?"

"కాదు. వచ్చిన ప్రతిసారీ మజ్జిగ ఉంటుంది. మా అమ్మ ఇచ్చేది."

రూత్ తాగి, అల్లం పచ్చిమిర్చి ఘాటుకు కళ్ళు పెద్దవి చేసింది. అంతా నవ్వారు. నలుగురూ కలిసి హద్దు వెంట నడిచారు. పిట్టలు గుడ్లు పెట్టే చోటు జ్ఞానప్రసూన దూరం నుంచే వేలితో చూపించింది. కాగితాల పని పూర్తవడానికి నెలలు పడుతుందని, కంగారేమీ లేదని, ఈలోగా ప్రశ్నలేమున్నా అడగమని రూత్ చెప్పింది.

"ఒక్కటి మాత్రం ఇవాళే అడుగుతాను," అందావిడ బయల్దేరేముందు. "మేం కాపాడే ప్రతి స్థలానికీ ఒక పేరుంటుంది. ఒడ్డున చిన్న బోర్డు పెడతాం. మీ ఇంటిపేరు పెట్టమంటారా?"

లక్ష్మీపతి భార్య వైపు చూశాడు, కూతురి వైపు చూశాడు. "పోరంబోకు," అన్నాడు.

"మనవాళ్ళు చూస్తే నవ్వుతారండీ," అంది జ్ఞానప్రసూన నెమ్మదిగా.

"నవ్వనీ. ఈసారి నేనూ నవ్వుతాను."

"అందమైన పేరు," అంది రూత్. "అర్థమేంటి?"

భవిత నోరు తెరిచింది. ఆయన చెయ్యి పట్టి ఆపాడు. అది తను చెప్పాల్సిన మాట.

"ఎవరూ అమ్మకూడనిది అని," అన్నాడు. ఆ తర్వాత రూత్ పెన్ను తీస్తే, తప్పు రాస్తుందేమోనని పక్కనే వంగి నిలబడి, ఒక్కో అక్షరమే విడదీసి చెప్పడం మొదలుపెట్టాడు.