బావ ఇంట్లో పెట్టని మైకు

ఓర్వకల్లు రాళ్ల దగ్గర తిమ్మన్న నడుపుతున్న బండికి నిప్పంటుకుంది. అది బ్యాటరీతో నడిచే ఆటో. ఇంకా మార్కెట్లోకి రాలేదు, పరీక్ష కోసం రోడ్డెక్కించారు. వెనక వస్తున్న లారీవాళ్లు దిగి పరుగెత్తేసరికి తిమ్మన్న ప్రాణం పోయింది. పోలీసులు షార్ట్ సర్క్యూట్ అని రాసుకున్నారు. ఆ బూడిదలో దొరికిన ఒక చిప్ ముక్క మాత్రం హైదరాబాద్ ల్యాబ్‌కు వెళ్లింది. అది ఆ బండిలో ఉండాల్సిన చిప్ కాదని ల్యాబ్ తేల్చింది.

2008 మే నెల. కడపలో ఒక టైర్ల షాపు ముందు సుధీర్ ఆగాడు.

"గాలి అక్కర్లేని టైరు ఉందా?"

"స్టాకు రాలేదు. పైన ఓనర్ను అడగండి" అన్నాడు కౌంటర్లో మనిషి.

కోడ్ సరిపోయింది. పై గదిలో దావీదురాజు ఉన్నాడు. కౌంటర్ ఇంటెలిజెన్స్‌లో సుధీర్‌కు పైఅధికారి. కూర్చోమనకుండానే మొదలుపెట్టాడు.

"కంపెనీ పేరు సవారి మోటార్స్. కల్లూరులో షెడ్డు. మన ఎండకు కూడా వేడెక్కని బ్యాటరీ చేశారు. హెరాన్ అనే విదేశీ గూఢచారుల ముఠా దాని మీద కన్నేసింది. ఫార్ములా దొంగిలించడం వాళ్లవల్ల కాలేదు. బండ్లు తగలబడితే కంపెనీ మునుగుతుంది, పేటెంట్ చవగ్గా చేతికొస్తుంది. ఇప్పుడు వాళ్ల ప్లాన్ అదే."

"లోపలి మనిషి ఎవరు సార్?"

"ముగ్గురిలో ఒకరు. ఆ ముగ్గురే కంపెనీ."

టేబుల్ మీద ఫొటోలు పెట్టాడు. తేజేశ్వర్, బ్యాటరీ చేసిన ఇంజనీరు. శ్రీవాసవి, మేనేజింగ్ డైరెక్టరు; వాళ్ల నాన్నది కర్నూలులో నూనెల వ్యాపారం. నరసింహ, షెడ్డుకు పొలం ఇచ్చిన రైతు కుటుంబంవాడు. డ్రైవర్లు, రూట్లు చూస్తాడు. నాలుగో ఫొటోలో నల్లకళ్లద్దాలు పెట్టుకున్న ఆడమనిషి.

"లీనా మల్హోత్రా. హాంకాంగ్ పెట్టుబడి ఫండ్ తరఫున సలహాదారు. హెరాన్ మనిషి. ఆమె జోలికి పోవద్దు. ఆమె ఎవరి దగ్గరికి పోతుందో చూడు. కొత్త బండ్ల ఫ్లాగ్ ఆఫ్ లోపల నాకు పేరు కావాలి."

సుధీర్‌కు ఒక వాచీ ఇచ్చాడు, అందులో కెమెరా ఉంది. చొక్కా గుండీల్లాంటి మైకులు మూడు ఇచ్చాడు, మనిషికొకటి చొప్పున. సుధీర్ మీసం తీసేసి, కళ్లజోడు పెట్టుకుని, నంద్యాల నుంచి వచ్చిన ఇన్సూరెన్స్ సర్వేయర్ మోహన్‌గా కల్లూరులో షేర్ ఆటో దిగాడు.

షెడ్డు గేటు దగ్గరే అతనికి ఎదురొచ్చింది నరసింహ.

"యా ఊరప్పా మీది?"

"నంద్యాల."

నరసింహ నవ్వాడు. "నంద్యాలోళ్లు నాకు తెలీదా? ఇందాక ఆటో అతన్ని దుడ్లు ఎంతని అడిగితివి. పత్తికొండ తట్టు మాట నీది."

డిపార్ట్‌మెంట్ అతనికి మీసం తీయడం నేర్పింది, నడక మార్చడం నేర్పింది. మాట సంగతి ఎవరూ పట్టించుకోలేదు. అబద్ధం నిలబడాలంటే కొంత నిజం కలపాలన్నది మాత్రం శిక్షణలో చెప్పారు.

"మా నాయనది ఆ పక్కే" అన్నాడు సుధీర్.

నరసింహకు అంత చాలు. ఏ ఇంటివాళ్లు, తాత పేరేమి, ఆ ఇంటికి కోడళ్లు ఎక్కడినుంచి వచ్చారు అని ఒక్కొక్కటే లాగాడు. చివరికి సుధీర్ భుజం మీద చరిచాడు.

"మా మేనత్తను ఇచ్చింది మీ వాళ్లకే కదప్పా! ఇంగ సర్వేయరూ ల్యా, గిర్వేయరూ ల్యా. నువ్వు నాకు బావవి. మధ్యాన్నం ఇంటికి రా, మా అమ్మ సంగటి చేస్తాది."

సుధీర్ వెళ్లాడు. జేబులో మూడో మైకు ఉంది. భోజనాల బల్ల కింద అంటించాలని చేయి పెట్టాడు కూడా. అప్పుడే నరసింహ తల్లి లక్ష్మీదేవమ్మ ఇంకో ముద్ద తెచ్చి పళ్లెంలో పెట్టింది.

"తినప్పా. ఊరు కాని ఊర్లో నీకు వండిపెట్టేటోళ్లు ఎవరుండారు? ఉన్నన్నాళ్లూ ఈడికే రా."

అతను చేయి పైకి తీసి కోడికూర కలుపుకున్నాడు. మైకు జేబులోకే వెనక్కి పోయింది. ఆ సాయంత్రం మెసేజ్‌లో 'నరసింహ క్లియర్' అని పంపాడు.

మిగతా రెండు మైకులు పనిచేశాయి. తేజేశ్వర్ గదిలోంచి వచ్చినవి సోల్డరింగ్ చేస్తూ చేయి కాల్చుకుని తిట్టిన తిట్లు. శ్రీవాసవి గదిలోంచి ఒక ఫోన్ సంభాషణ వచ్చింది.

"మా వాళ్లకెవ్వరికీ తెలీకూడదు సార్. వస్తువు నేనే తెచ్చి మీ చేతికిస్తా. కొరియర్‌లో వద్దు."

లీనా కారు కూడా రెండు మూడుసార్లు శ్రీవాసవి గది ముందు ఆగింది. ఆ సంగతి చూపించింది నరసింహే. "సూడు బావా, ఆ ఫారిన్ ఆయమ్మ యాడికి పోతాందో. నా తట్టు రానే రాదు. నేను మట్టి పిసుక్కునేటోణ్ణి కదా."

సుధీర్ శ్రీవాసవి వెనక కడప దాకా వెళ్లాడు. ఏడు రోడ్ల దగ్గర ఒక మెట్ల కింద ఆమె గుడ్డలో చుట్టిన పొట్లం ఒకతనికి ఇచ్చింది. అతను విప్పి చూసి తల ఊపాడు. వాచీ ఫొటోలు తీసింది. ఆ పూటే సుధీర్ రిపోర్టు రాశాడు. ఫోన్ రికార్డు, ఫొటోలు, తేదీలు అన్నీ పెట్టాడు. చివర ఒక వాక్యం చేర్చాడు: 'వ్యాపార కుటుంబం, అమ్ముకోవడం వీళ్లకు పుట్టుకతో వచ్చిన పని.'

ఆ వాక్యానికి ఆధారం ఏ ఫొటోలోనూ లేదు. రాసేటప్పుడు అతని చేయి ఎక్కడా ఆగలేదు.

ఫ్లాగ్ ఆఫ్ రోజు షెడ్డు ముందు షామియానా వేశారు. బండ్లకు పసుపు, కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. తిమ్మన్న భార్య వెంకటేశ్వరమ్మను మొదటి బండిలో కూర్చోబెట్టాలని శ్రీవాసవి ముందే అనుకుంది. ఆమె పక్కన శ్రీవాసవి తల్లి రాజ్యలక్ష్మమ్మ కూర్చుంటుంది. బండి నడిపేది తేజేశ్వర్.

చేతిలో స్క్రూడ్రైవర్ పట్టుకుని షెడ్డులోకి పోబోతున్న శ్రీవాసవిని సుధీర్ ఆపాడు. కార్డు తీసి చూపించాడు. స్టాఫ్ చూస్తున్నారు. ఆమె తల్లి చూస్తోంది.

"మీరు ఇన్సూరెన్స్ ఆయన కదా?"

"కాదు మేడం. మీరు జీపెక్కాలి."

"ఎక్కుతా. ముందు నన్ను ఒక్కసారి లోపలికి పోనీయండి. బండ్లు విప్పి చూడాల. మనుషులు ఎక్కకముందే చూడాల."

"కుదరదు."

సాక్ష్యం మాయం చేయడానికే అడుగుతోందని అతను అనుకున్నాడు. ఆమె చేతిలోని స్క్రూడ్రైవర్ తీసుకుని తన జేబులో పెట్టుకున్నాడు. షెడ్డు వెనక ఆగిన జీపులో దావీదురాజు ఉన్నాడు. పక్కన మహిళా కానిస్టేబుల్. దావీదురాజు రిపోర్టు కాగితాన్ని శ్రీవాసవి ముందు పెట్టాడు. ఆమె చదివింది. చివరి వాక్యం దగ్గర ఆగి సుధీర్ వైపు చూసింది.

సుధీర్ షామియానా దగ్గరికి తిరిగొచ్చాడు. లోపలి మనిషి దొరికింది, ఇంక బండ్లకు భయం లేదు, మిషన్ అయిపోయిందనుకున్నాడు. మొదటి బండిలో రాజ్యలక్ష్మమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది. పూజ చేసిన బండి ఆపకూడదని అందరూ చెప్పి ఆమెను ఎక్కించారు. లక్ష్మీదేవమ్మ కూడా వచ్చి ఆమె పక్కన ఎక్కి కూర్చుంది.

"ఏడ్వాకక్కా. నేను నీతోనే ఉంటా."

ఎక్కడినుంచో నరసింహ పరుగెత్తుకొచ్చాడు.

"అమ్మా, దిగు."

"ఎందుకప్పా? నీ బండే కదా?"

"ఎండకు తల తిరుగుతాది. దిగుమంటాంటే!"

"పొద్దున్నుంచీ ఎండలోనే కదరా ఉండా. బండికి పైన కప్పు ఉండాది."

నరసింహ తల్లి చేయి పట్టి కిందికి లాగాడు. ఆమె చెప్పు బండిలోనే ఉండిపోయింది. పక్కనున్న ఇద్దరు ఆడవాళ్లను అతను దిగమనలేదు. వాళ్ల వైపు చూడలేదు కూడా.

సుధీర్ అది చూశాడు. సంగటి, కోడికూర, బావా అన్న పిలుపు, జేబులోనే ఉండిపోయిన మైకు, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

ముఖ్య అతిథి జెండా ఊపాడు. నిమ్మకాయలు చితికాయి. బండి కదిలి, టీవీ కెమెరాలున్న గేటు వైపు మళ్లింది. నరసింహ చేయి ప్యాంటు జేబులోకి పోయింది.

జనం మధ్య అతనిదాకా చేరడం కష్టం. బండిని ఆపడం ఎలాగో సుధీర్‌కు తెలియదు. తెలిసిన మనిషిని అతనే జీపులో కూర్చోబెట్టాడు. షెడ్డు వెనక్కి పరుగెత్తి జీపు తలుపు తీశాడు.

"మేడం. బండి ఎట్లా ఆపాలో చెప్పండి."

"నేను చెబితే నమ్ముతారా?"

"మీ అమ్మ అందులో ఉంది."

ఆమె అప్పటికే దిగి పరుగు తీసింది. వెనకనుంచి దావీదురాజు అరిచాడు. సుధీర్ ఆగలేదు.

"తిమ్మన్న బండిలో కాలిన కంట్రోలర్ నా కాడ ఉండింది" అంది ఆమె పరుగులోనే. "కడపలో లెక్చరర్‌తో విప్పించినా. ఆ చిప్ బ్యాటరీ కరెంటుతోనే మండుతాది. ప్లగ్ పీకితే ఏమీ చేయలేదు. ఇద్దరు పార్ట్‌నర్లలో ఎవరో తెలీక ఎవరికీ చెప్పలా."

పొట్లంలో ఉన్నది అదన్నమాట. తను చేయాల్సిన పని ఆమె చేసింది. ఆమె పని తను ఆపాడు.

శ్రీవాసవి గేటుకు ముందే అడ్డంగా నిలబడి రెండు చేతులూ చాచింది. తేజేశ్వర్ బ్రేకు వేశాడు. ఆమె సీటు వెనకకు చేయి దూర్చి ప్లగ్ పట్టుకుని లాగింది. అది ఊడిన క్షణంలోనే షామియానా కింద నరసింహ జేబులోని రిమోట్ బటన్ నొక్కాడు. సీటు కింద ఒక చిటుకు వినిపించింది. సన్నగా పొగ లేచి ఆగిపోయింది. వెంకటేశ్వరమ్మ పక్కకు జరిగి చీర దులుపుకుంది.

నరసింహ మళ్లీ నొక్కాడు.

"ఇంక చాలు, ఇటివ్వండి" అంది అప్పటికే అతని పక్కకు చేరిన లీనా. ఆమె హ్యాండ్‌బ్యాగ్ అతని పక్కటెముకలకు ఆనుకుని ఉంది. అందులో ఏముందో అతనికి అర్థమైంది. సుధీర్ అక్కడికి చేరి ఆమె మీదికి పిస్టల్ ఎత్తాడు. ఆమె నల్లకళ్లద్దాలు తీసింది.

"గాలి అక్కర్లేని టైరు స్టాకు వచ్చింది, ఆఫీసర్. రెండేళ్లుగా నేను మీ సార్ మనిషినే. హెరాన్ నాకు లోపలివాడి పేరు చెప్పలేదు. రిమోట్ ఎవరి చేతిలో ఉంటే వాడేనని ఎదురుచూశాను. పేరు కనుక్కోవడం మీ పని కదా?"

సుధీర్ పిస్టల్ దించాడు.

"బావా, నువ్వన్నా చెప్పప్పా" అన్నాడు నరసింహ. "ఎవరికీ ఏం కాలేదు కదా. నా పొలంలో షెడ్డేసుకొని, పేపరోళ్లు వస్తే నన్ను డ్రైవర్ల మేస్త్రీ అనిరి. ఫొటోలో పక్కకు జరగమనిరి. కంపెనీ పోతే ఫారిన్ వాళ్లు నన్నే మేనేజర్ చేస్తామనిరి."

"తిమ్మన్న మన ఇంట్లో తినిపోయినోడు కదరా" అంది లక్ష్మీదేవమ్మ.

ఆమె ఒక కాలికే చెప్పుతో నిలబడి ఉంది. ఆమె సుధీర్ వైపు తిరిగింది.

"నువ్వు మా ఇంటికి దేనికొచ్చినావప్పా? దీనికేనా?"

అవునంటే తిండి పెట్టిన ఇంటిని వెతకడానికి వచ్చినట్టు. కాదంటే వచ్చిన పని వదిలేసి తిని కూర్చున్నట్టు. నరసింహను జీపెక్కించారు.

షామియానా విప్పేటప్పుడు సుధీర్ శ్రీవాసవి దగ్గరికి వెళ్లి స్క్రూడ్రైవర్ ఇచ్చాడు. ఆమె తీసుకుని మిగతా బండ్ల సీట్లు విప్పడానికి కూర్చుంది. తేజేశ్వర్ టార్చి పట్టుకున్నాడు.

"క్షమించండి మేడం."

"ఫొటోలు చూసి ఎవరైనా పొరపడతారు. నేనూ దాచిపెట్టుకోని తిరిగితి కదా." ఆమె స్క్రూ తిప్పుతూనే ఉంది. "ఆ చివరి మాట మీరే రాసినారా?"

"నేనే."

"ఫొటో చూసి రాసింది కాదది. మీరు నన్ను చూడకముందే మీ కాడ ఉండింది."

అతను నిలబడ్డాడు.

"నన్ను ఎందుకు పట్టుకున్నారని మా అమ్మ అడిగింది. పేరు పొరపాటని చెప్పినా. ఆ వాక్యం ఆమెకు చెప్పలేను. ఇంక మీరు పోండి, వెలుతురుకు అడ్డం ఉండారు."

కర్నూలు బస్టాండులో ఉన్న సుధీర్‌కు దావీదురాజు ఫోన్ చేశాడు. హెరాన్ మనుషులు ముగ్గురిని చెన్నైలో పట్టుకున్నారు. సుధీర్ పేరు ప్రశంసకు పంపుతున్నారు.

"ప్రశంస వద్దు సార్. నా రిపోర్టులో చివరి వాక్యం కొట్టేయించండి."

"ఫైల్ ఢిల్లీ చేరింది, కొట్టివేతలు కుదరవు. పైగా పైవాళ్లకు నచ్చింది ఆ వాక్యమే. కొత్త బ్యాచ్‌కు ట్రైనింగ్‌లో చదివి వినిపిస్తారట, టార్గెట్‌ను ఒక్క మాటలో ఎలా పట్టుకోవాలో నేర్పడానికి."

"టార్గెట్ తప్పు కదా సార్?"

"అది సిలబస్‌లో లేదు" అన్నాడు దావీదురాజు.