అరచేతిలో ఆముదం

కదిరమ్మ బడి నుంచి వచ్చేసరికి, వాళ్ళ అవ్వ కెంపమ్మ ముక్కు మూసుకుని నిమ్మకాయల కుండ ముందు కూర్చుని ఉంది.

కుండలో కాయలన్నీ మెత్తబడి గోధుమరంగుకు తిరిగాయి.

అమ్మ కడుపుతో ఉంది. ఏం తిన్నా వాంతే. నిమ్మనీళ్ళు ఒక్కటే ఇముడుతున్నాయి. పెరటి చెట్టుకు కాపు అయిపోవచ్చింది. ఆ రోజుల్లో ఉద్దనపల్లి అంగట్లో బెల్లం, కిరసనాయిలు దొరికేవి గానీ నిమ్మకాయలు దొరికేవి కావు. అందుకే అవ్వ ఏటేటా చేసినట్టే కాయలకు ఆముదం పూసి దాచాలనుకుంది. ఆ పని తానే చేస్తానని కదిరమ్మ పట్టుబట్టింది.

"ఎంత పూసినావే?" అంది అవ్వ.

"గిన్నెడు ఆముదంలో ముంచి తీసినాను. బాగా పూస్తే బాగా ఉంటాయి అనుకున్నాను. అమ్మకే కదవ్వా!" కదిరమ్మకు ఏడుపు వచ్చేసింది.

అవ్వకు కోపం రావాల్సింది పోయి నవ్వొచ్చింది.

"పిచ్చిపిల్లా! కాయకి ఊపిరాడొద్దా? అంత మందంగా మూసేస్తే లోపలే కుళ్ళిపోతుంది. ఏడవద్దు. చెట్టుకి ఇంకా నాలుగు కాయలుంటాయేమో చూద్దాం పా."

ముళ్ళు గీసుకున్నా కదిరమ్మ లెక్కచేయలేదు. ఆకుల చాటున మిగిలిన కాయలన్నీ వెతికి కోసింది. బుట్ట సగం నిండింది.

అవ్వ కాయలను పొడిగుడ్డతో తుడిచి, కదిరమ్మ అరచేతిలో ఒక్క చుక్క ఆముదం వేసింది.

"రెండు చేతులూ రుద్దుకో. ఇప్పుడు కాయని అట్ల నిమిరి పెట్టు. మెరిసిందా? చాలు."

"ఇంతేనా అవ్వా?"

"ఇంతే."

కదిరమ్మకు నమ్మకం కుదరలేదు. చెయ్యి గిన్నె వైపు పోయింది. మళ్ళీ తనే వెనక్కి తీసుకుంది.

చెట్టు ఉత్త ఆకులతో నిలబడి వారాలు గడిచినా కుండలో కాయలు గట్టిగా, పసుపుపచ్చగా ఉన్నాయి.

ఒక మధ్యాహ్నం కదిరమ్మ నీళ్ళలో కాయ పిండి, ఉప్పు వేసి, లోటాతో అమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. ఎప్పుడూ అయితే "తాగమ్మా, ఇంకొంచెం తాగు, ఇప్పుడెట్లుంది?" అని మీదమీద పడేది. అమ్మ విసుగ్గా కళ్ళు మూసుకునేది.

ఈసారి లోటా పక్కన పెట్టి, కిటికీ తెరిచి, బయటికొచ్చి అరుగు మీద కూర్చుంది. లోపలికి వెళ్ళి చూడాలని మనసు ఒకటే పీకింది. అయినా లేవలేదు.

కాసేపటికి అమ్మ గొంతు వినిపించింది.

"కదిరీ, అంతా తాగేసినాను. యాడుండావు? రామ్మా, నా పక్కన కూచో."