తడి గోనెలు తీసిందెవరు?

"ఈ గోనెలు తీసిందెవరు?"

నేను అరిచిన అరుపుకి బురుజు మీద వాలిన పావురాలన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. పనివాళ్ళు తాపీలు చేత్తో పట్టుకుని బిగుసుకుపోయారు. వాళ్ళెవరూ తీయలేదని చూడగానే తెలుస్తోంది. ఎందుకంటే తీసినవాళ్ళు గోనెల్ని ఎంతో శ్రద్ధగా మడతపెట్టి, ఒకదాని మీద ఒకటి పేర్చారు. పైగా ఆ దొంతర మీద ఓ పెద్దావిడ కూర్చుని ఫొటో దిగుతోంది.

ముందురోజే సముద్రం వైపు కోట గోడ మీద, రాళ్ళ సందుల్లో కొత్త సున్నం నింపాం. సున్నం నెమ్మదిగా ఆరాలి. తడి గోనెలు కప్పి, నీళ్ళు చల్లుతూ పసిపిల్లని సాకినట్టు సాకాలి. గోనె తీస్తే ఎండకి బీటలు తీస్తుంది. తీసింది కూడా.

"నేనే తీశాను. ఏం?" అంది ఒక గొంతు.

తిరిగి చూశాను. మడిచిన ఎర్ర గొడుగుని జెండాలా పైకెత్తి పట్టుకుని ఒకమ్మాయి నిలబడి ఉంది. వెనక విజిటర్స్ గుంపు. కోట గోడ మీద జనాన్ని నడిపిస్తూ కథలు చెప్పే గైడ్ అన్నమాట. ఈ రిపేరు పనికి ఇంజినీరుగా వచ్చి నాకు వారమే అయింది. ఆమె గురించి వినడమే గాని చూడటం అదే మొదలు.

"ఏం అంటారేంటండీ? అవి పనికోసం కప్పినవి! కళ్ళు కనపడవా?"

"బాగా కనపడతాయి. అందుకే తీశాను. ఇంత దూరం వచ్చినవాళ్ళకి గోడ చూపించాలా, కంపు కొట్టే గోనెలు చూపించాలా? చెత్త అనుకున్నాను."

"చెత్తా?"

"కాకపోతే బోర్డు పెట్టుకోవాలి."

"పెట్టాను! మెయిన్ గేటు దగ్గర, ఇంత పెద్దది!"

"మేం వచ్చింది సముద్రం గేటు నుంచి. ఈ కోటకి రెండు గేట్లున్నాయని ఇంజినీరు గారికి ఎవరూ చెప్పలేదా పాపం?"

గుంపులో ఎవరో కిసుక్కున నవ్వారు. నా చెవులు వేడెక్కాయి. ఆమె అన్నదాంట్లో న్యాయం ఉంది. ఉన్న మాటంటే ఉలుకెక్కువ, నా కోపం రెట్టింపైంది.

"రేపట్నుంచి నా పని దగ్గరికొస్తే బాగుండదు, చెప్తున్నా!"

"రేపు కూడా వస్తాను. ఈసారి ఉతికిన గోనెలు వేయండి," అని గొడుగు ఊపుకుంటూ గుంపుతో సహా వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ఫోన్‌లో అమ్మకి అంతా చెప్పాను. మర్నాడు కూడా చెప్పాను. ఆ మర్నాడూ చెప్పాను. నాలుగోనాడు అమ్మే అడిగింది.

"ఈ రోజు ఏమందిరా ఆ పిల్ల?"

"నన్ను సున్నం సార్ అంటోందమ్మా. అందరి ముందూ!"

"మరి నువ్వేమన్నావ్?"

"గొడుగు మేడమ్ అన్నాను."

"బాగుంది. అన్నం తిన్నావా, లేక ఆ పిల్లమీద కోపమే తిన్నావా?"

నాకు ముక్కు మీద కోపం అని అమ్మ అందరికీ చెబుతుంది. అది అబద్ధం. లోకంలో కోపం తెప్పించే మనుషులు ఎక్కువయ్యారు, అంతే.

అసలు గొడవ తర్వాతి వారం జరిగింది. సముద్రం వైపు పిట్టగోడలో, కాళ్ళ దగ్గర ఒక సన్నని కంత ఉంది. ఆమె తన గుంపుని అక్కడ ఆపి, గొంతు తగ్గించి చెబుతోంది.

"ఒక నావికుడి భార్య రోజూ ఇక్కడ దీపం పెట్టేదట. చీకట్లో వచ్చే పడవకి దారి తెలియాలని. ఆయన రాలేదు. ఆమె దీపం మానలేదు..."

అందరి కళ్ళూ చెమ్మగిల్లాయి. నేను పక్కనే సున్నం చూసుకుంటున్నాను. నా మానాన నేనుండొచ్చు. కానీ నా నోరు ఊరుకోదే!

"అది వాన నీళ్ళు పోయే తూమండీ," అన్నాను. "అందులో దీపం పెడితే గాలికి క్షణంలో ఆరిపోతుంది."

గుంపంతా ఘొల్లున నవ్వింది. అన్ని రోజుల్లో ఆమె మాటకి మాట ఇవ్వకపోవడం అదే మొదటిసారి. గొడుగు దించి, గబగబా ముందుకి నడిచింది.

గుంపుని పంపేసి తిరిగొచ్చింది. మొహం జేవురించి ఉంది.

"ఆ కథ మా నాన్నది. కథలు చెబుతూ గోడ మీద తిప్పే ఈ నడక మొదలుపెట్టిందే ఆయన. మోకాళ్ళు పోయి మెట్లెక్కలేక నాకిచ్చారు. అది తూమని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు."

"తెలిసి కూడా అబద్ధం..."

"కథ అంటారు దాన్ని! అక్కడ నిలబడితేనే కదా జనం గోడని ముట్టుకుని చూస్తారు? మా టూర్ కంపెనీవాళ్ళు ఇప్పటికే మనుషులెందుకు, రికార్డు చేసిన కథ పెట్టి చెవులకి హెడ్‌ఫోన్లు తగిలిస్తే చాలంటున్నారు. ఈ నడక ఆగిపోతే మా నాన్న మిగలరు. మీ నోటికి అడ్డూ ఆపూ లేకపోతే సున్నం పెట్టి మూసుకోండి!"

మర్నాడు ఆమె ఆ కంత దగ్గర ఆగకుండానే గుంపుని తీసుకెళ్ళిపోయింది. ఆ తర్వాతి రోజూ అంతే. నాకు పిచ్చి కోపం వచ్చింది. ఈసారి నామీద నాకే.

"కథ చెప్పండి. నేను నోరు మూసుకుంటాను," అన్నాను దారికి అడ్డంగా నిలబడి.

"మీరు నోరు మూసుకోవడం నేను చచ్చినా నమ్మను."

కానీ చెప్పింది. నేను పళ్ళు బిగబట్టి విన్నాను. నిజం చెప్పొద్దూ, చివర్లో నేను కూడా తల తిప్పుకుని కళ్ళు తుడుచుకున్నాను.

ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి జల్లు మొదలైంది. అప్పుడే వేసిన సున్నం మీద చినుకులు పడుతున్నాయి. నేను టార్పాలిన్ పట్టా కోసం పరిగెత్తి వచ్చేసరికి, ఆమె తన ఎర్ర గొడుగు విప్పి సున్నం మీద పట్టుకుని నిలబడింది. గోడ పొడిగా ఉంది. ఆమె నిలువునా తడిసిపోయింది. జుట్టు మొహానికి అతుక్కుపోయింది.

"చూస్తారేం గుడ్లప్పగించి? పట్టా కప్పండి!"

కప్పాను. కప్పుతూ కూడా చూశాను. ఆ సాయంత్రం అమ్మకి ఫోన్ చేసి వాన సంగతి ఒక్కటే చెప్పాను. "అయితే ఇవాళ తిట్టలేదన్నమాట," అంది అమ్మ. "జాగ్రత్తరా."

తిట్టుకోని రోజులు నాలుగు గడిచాయో లేదో, పెద్దమేస్త్రి నా దగ్గరికొచ్చాడు.

"బాబూ, ఆ కంత పక్కన గోడకి పొట్టొచ్చినట్టుంది."

వెళ్ళి దారం పట్టి చూశాను. నిజమే. గోడ సముద్రం వైపు ఉబ్బింది. లోపల నీరు చేరి మట్టి జారిపోతోంది. గట్టి వాన పడితే ఆగదు. ఆమె రోజూ గుంపుతో నిలబడేది సరిగ్గా అక్కడే.

గోడమీద ఆ భాగం మూసేయాలని రాసి సంతకం పెట్టాను. ఆ భాగానికి రెండు పక్కలా, మెట్ల దగ్గరా తాళ్ళు కట్టి, రెండు గేట్ల దగ్గరా బోర్డులు పెట్టించాను.

అర్ధగంటలో అగ్గిమీద గుగ్గిలంలా వచ్చిపడింది.

"తెరవండి."

"కుదరదండీ. అది పడిపోతుంది."

"ఇన్ని వందల ఏళ్ళు పడనిది మీరు రాగానే పడుతుందా? మీకు తెలుసా, కంపెనీవాళ్ళు ఇదే సాకని నడక ఎత్తేశారు. ఇప్పుడే ఫోన్ చేసి చెప్పారు!"

"గోడ కిందనుంచి నడిపించండి. పోటు తగ్గినప్పుడు ఇసుకలోంచి దారి ఉంది. మా పని కూడా చూపిస్తాను, రాళ్ళు ఎలా..."

"మీరు జాలిపడి పడేసే నడక నాకక్కర్లేదు!"

"జాలేంటండీ? నేను..."

"మొదట్నుంచీ మీకు నేనిక్కడ అడ్డం. గోనెల దగ్గర్నుంచీ! హాయిగా ఉండండి మీ సున్నంతో."

నాకూ ఒళ్ళు మండింది. "ఉంటాను! సున్నమే నయం, చెప్పిన మాట వింటుంది!" అన్నాను. అనగానే నాలిక కరుచుకున్నాను గాని, ఆమె అప్పటికే మెట్లు దిగిపోయింది.

తర్వాత మాటల్లేవు. అమ్మ ఫోన్‌లో "ఏమందిరా?" అంటే చెప్పడానికేమీ లేదు. తిట్టే మనిషి లేకపోతే రోజు ఎంత పొడుగో నాకప్పుడు తెలిసింది.

అనుకున్న వాన వచ్చింది. పట్టపగలే చీకటి కమ్మింది. పనివాళ్ళని ముందే పంపేశాను. గట్టిగా ఉన్న వైపు కొత్త సున్నం మీద పట్టా గాలికి లేచిపోతుంటే మనసాగక, నా బండి సముద్రం గేటు దగ్గర పడేసి పైకి పరిగెత్తాను. పట్టా మీద రాళ్ళు పెడుతున్నాను. కాళ్ళకింద గోడ ఒక్కసారి వణికింది.

పెద్ద చప్పుడు. తాడుకి అవతల గోడ లేదు. కంత లేదు. రాళ్ళన్నీ సముద్రంలోకి దొర్లాయి.

నేను గోడని కరుచుకుని కూర్చుండిపోయాను. లేచేసరికి మెట్లమీద అడుగుల చప్పుడు. మెట్ల దగ్గర కట్టిన తాడు కిందనుంచి దూరి, వానలో, చెప్పులు లేకుండా ఆమె.

"నీకు బుద్ధుందా?" అని కేక పెట్టింది. "ఎవరూ రావద్దని నువ్వే బోర్డు పెట్టి, నువ్వే చస్తానని వస్తావా?"

"నువ్వెందుకొచ్చావ్? తాడు కనపడలేదా?"

"నీ బండి కనపడింది! గోడ పడిన చప్పుడు వినపడింది! ఆ రాళ్ళకింద నువ్వు..." ఆమె నా చొక్కా పట్టుకుని గుంజింది. "తిట్టడానికి కూడా ఇక నువ్వుండవేమో అనుకున్నాను."

"మరి నేనేమనుకున్నానో తెలుసా? రోజూ పొద్దున్నే అక్కడ నిలబడేది నువ్వు! ఆ సంతకం పెడుతుంటే నీ మొహమే కనపడింది. జన్మలో నాతో మాట్లాడకపోయినా ఫర్వాలేదు, బతికుండి మాట్లాడకుండా ఉంటే చాలనుకున్నాను!"

"ఆ ముక్క అప్పుడే చెప్పడానికేం రోగం?"

"చెప్పనిచ్చావా?"

"చెప్పనివ్వకపోతేనేం? అడ్డం పడి చెప్పాలి! మిగతావన్నీ అడక్కుండానే చెబుతావుగా!"

"అయితే విను! నువ్వంటే నాకిష్టం!"

"నాకూ ఇష్టమే, వెధవ ఇష్టం!" అంది. అని, ఆ కూలిన చోటు వైపు చూసింది. తను రోజూ నిలబడే చోట ఇప్పుడు ఖాళీలోంచి సముద్రం కనిపిస్తోంది. అటు ఒక అడుగు వేసింది. నేను పట్టుకున్నాను. నా చొక్కా నిండా సున్నం అని కూడా చూడకుండా నా భుజం మీద ఏడ్చింది.

"నాన్నకి ఏం చెప్పను?"

"నేను చెబుతాను పద," అన్నాను.

వాళ్ళ ఇల్లు గోడకి ఎదురు సందులోనే. ఒకే గది, పక్కన వంటగది. కిటికీ దగ్గర కుర్చీలో ఆయన. గోడ పడటం ఆ కిటికీలోంచే చూశారు. కూతుర్ని చూడగానే ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని చాలాసేపు వదల్లేదు. తర్వాత నావైపు తిరిగారు. కళ్ళు నిప్పులు కక్కుతున్నాయి.

"నువ్వేనా నా గోడ మూసినవాడివి?"

"నేనేనండీ."

"వారం రోజులుగా నిన్ను తిట్టని పూట లేదు నేను. ఇవాళ అది అక్కడుంటే..." ఆయన కూతురి వైపు చూశారు. "ఆ తిట్లన్నీ వెనక్కి తీసుకోవాలంటే ఎంత కష్టమో తెలుసా నీకు? కూర్చో!"

కూర్చున్నాను. కుర్చీ తడిసింది.

"నడక పోయింది నాన్నా," అంది ఆమె.

"ఎందుకు పోతుంది? పైన దారి లేకపోతే కిందనుంచి నడిపించు. గోడ లోపల ఏముందో ఇన్నాళ్ళూ ఎవరూ చూడలేదు. ఇప్పుడు చూస్తారు."

"కంపెనీ ఒప్పుకోదు."

"కంపెనీ నిన్నగాక మొన్నొచ్చింది. నేను మొదలుపెట్టినప్పుడు ఏ కంపెనీ ఉంది? జనం వచ్చేది నీ మాట వినడానికి."

"కింద నడిపించమని ఈయన కూడా అన్నారు. జాలిపడి అన్నారనుకున్నాను."

"నేనూ జాలిపడే అంటున్నాను. నడుస్తావా, మానేస్తావా?"

"నడుస్తాను," అని ముక్కు తుడుచుకుంటూ టీ పెట్టడానికి వంటగదిలోకి వెళ్ళింది.

ఆయన నన్ను పైనుంచి కిందదాకా చూశారు.

"గోడ సంగతి చెప్పడానికి వచ్చావ్, అయిపోయింది. ఇంకా కదలవేం? చల్లకొచ్చి ముంత దాస్తావెందుకు?"

"మీ అమ్మాయిని పెళ్ళి చేసుకుంటానండీ."

"నన్నడక్కుండా నాన్ననడుగుతారేం?" వంటగదిలోంచి కేక.

"నిన్నడిగితే తిడతావని!"

"అడక్కపోయినా తిడుతున్నాగా!"

"విన్నావుగా," అన్నారాయన. "ఇది జీవితాంతం ఇంతే. పడగలవా?"

"పడతానండీ."

బయట వాన హోరు. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నారు. "ఏంటీ?"

"పడతానన్నానండీ!" అని అరిచాను. సందులో ఎవరిదో కిటికీ తెరుచుకుంది.

ఆమె టీ కప్పులతో వచ్చి, నా ముందు ఠపీమని పెట్టింది. సగం టీ సాసర్లోకి ఒలికింది.

"మా నాన్న మీద అరవకండి," అని నా పక్కనే కూర్చుంది.