బండిని లేపిన కాలు

“బాపు కాలు తప్ప ఇంకో కాలు ఎరగదమ్మా ఈ బండి! బాపుతోనే పోయింది దీని పానం!” అంటూ హరిప్రసాద్ వాకిట్లో కూలబడి భోరుమన్నాడు.

తొండుపల్లిలో ఆ ఇంట మొగులయ్య పదకొండో దినం ఆవేళ. పోయినాయనకు ఇష్టమైనవన్నీ ఫోటో ముందు పెట్టాలి కదా! కల్లు పెట్టారు, మటన్ కూర పెట్టారు. ఇక మిగిలింది ఆయన పాత బులెట్ చప్పుడు! ఆయన దవాఖానలో పడ్డ నాటి నుంచి, నెల రోజులుగా ఆ బండి కదలక చలికి బిగుసుకుపోయింది. కొడుకు తన్నాడు, తమ్ముడు పెంటయ్య తన్నాడు... ఆఖరికి కిక్ రాడ్ ఎదురుతన్ని హరిప్రసాద్ మోకాలి కింద చీరుకుపోయింది.

మూలన చాప మీద మొగులయ్య భార్య రుక్కమ్మ చూస్తూనే ఉంది. అయ్యో, ఆమెకు తెలియని బండా అది! ముప్పై ఏళ్లు... చలికాలం ప్రతి పొద్దునా మొగుడు వేడినీళ్లు పోసుకుంటుంటే, ఇంటి వెనక దాన్ని తన్ని వేడెక్కించింది ఎవరు? ఆయన మీసం దువ్వుకుంటూ వచ్చి, ఎక్కి, ఊరంతా వినేలా పోయేవాడు. “ఆడదాని కాలుతోని లేస్తదని ఎవ్వలికన్న చెప్పినవో, నా ఇజ్జత్ పోతది!” అనేవాడు. ఒక్కనాడైనా వెనక ఎక్కించుకున్నాడా మహానుభావుడు! మామిడిపల్లిలో తల్లి పోయిందంటే కూడా బస్సుల కోసం నిలబడి నిలబడి, కడచూపు పోగొట్టుకుంది ఆ పిచ్చితల్లి.

“జరుగు బిడ్డా,” అంటూ లేచింది.

“వదినా! నీకేంది పని? కూసో!” పెంటయ్య కసిరాడు.

ఆమె వినలేదు. పెట్రోల్ తిప్పింది. కార్బరేటర్ మీది బొడిపెను చుక్క కారేదాకా ఒత్తింది. ఇంజన్ బిగువు సడలించే, హ్యాండిల్ దగ్గరి చిన్న లివర్ పట్టుకుని, కిక్ రాడ్‌ను మెల్లగా అదిమి, మీటరు ముల్లు నడుమకు రాగానే లివర్ వదిలేసింది. నిన్ననే మెట్టెలు తీసిన కాలు... ఒక్కటే తన్ను! డుగ్... డుగ్... డుగ్!

“అన్న దిగొచ్చిండు! వదిన ఒంటిమీదికి అన్ననే వచ్చిండు!” పెంటయ్య ఫోటోకు దండం పెట్టాడు. చూశారా! చచ్చాక కూడా పేరు ఆయనకే!

రుక్కమ్మ కొడుకు వైపు తిరిగింది. చీర కుచ్చిళ్లు జానెడు ఎత్తింది. కొడుకు గాయం ఉన్న చోటే ఆమెకు పాత మచ్చ! “నాకూ గిట్లనే తన్నింది బిడ్డా! బోరింగ్ కాడ పడ్డదని మీ బాపు ఊరంత చెప్పిండు... అప్పుడు నువ్వు నా కడుపుల ఉన్నవ్!”

“అమ్మా! పొద్దుగాల నా నిద్రల ఇనొచ్చిన చప్పుడు... నీదా?” హరిప్రసాద్ ఆమె కాళ్లు పట్టుకుని ఏడ్చాడు. “ఎక్కమ్మా! ఇప్పుడే తిప్పుకొస్త నిన్ను, ఎయిర్‌పోర్ట్ దాక!”

రుక్కమ్మ వెనక సీటు మీద చెయ్యి వేసింది. కళ్లలో నీళ్లు, ముఖాన నవ్వు...

“పిచ్చి లేసిందారా? నెల మాసికం కానిది గేటు దాటొద్దు!” పెంటయ్య అరిచాడు.

హరిప్రసాద్ తల దించుకున్నాడు. “అవునమ్మా... నలుగురు ఏమన్న అంటరు. మాసికం అయినంక తిప్పుతలే.”

ఆమె సీటు మీంచి చెయ్యి తీసింది. లివర్ నొక్కి పట్టింది. బండి ఆగిపోయింది.

“ఇగ ఎవలు లేపుకుంటరో లేపుకోండ్రి,” అని రుక్కమ్మ మూలకు పోయి చాప మీద కూర్చుంది.