పదిహేనో ముక్క

జనగామ దాటాక హెలికాప్టర్లకు రంగులు వేసే షెడ్డు ఒకటుంది. అందులో రెండో గదిలో పొద్దుగూకాక ఎవరూ ఒంటరిగా ఉండరు. ఉంటే... చర్ర్‌మని టేపు పీకుతున్న చప్పుడు వినిపిస్తుందట. పీకే మనిషి మాత్రం కనిపించడట.

నేను నమ్మేవాణ్ణి కాదు. చిట్యాలలో మా అరుగు మీద కూర్చుని మా బావ వేణు చెప్పేదాకా. అతనిది ఆ షెడ్డులోనే పని.

రంగు కొట్టేముందు హెలికాప్టర్ ఒంటి మీది చిన్న చిన్న బెజ్జాలన్నీ టేపుతో మూస్తారు. మొత్తం పద్నాలుగు. తోక దగ్గర, రూపాయి బిళ్ల కన్నా చిన్నది ఒకటుంది — దాంట్లోకి గాలి పోతేనే ఎంత ఎత్తులో ఉన్నారో మీటరు చెబుతుంది. అది మూసుకుపోతే మీటరు తప్పు చూపిస్తుంది. మబ్బులో కొండకు గుద్దుకునేదాకా పైలట్‌కు తెలియదు. అందుకే రంగు ఆరాక తీసిన ప్రతి ముక్కనూ గోడ మీది బోర్డుకు అతికించాలి. పద్నాలుగూ తేలితేనే సంతకం.

బావకు ఈ పని నేర్పింది ఐలేశన్న. కొత్తగూడ మనిషి. తీసిన ముక్కను అతికించేటప్పుడు ఒక మూల మడవడం ఆయన అలవాటు. ఎందుకని అడిగితే నవ్వేవాడట. బావకు ఆ అలవాటు అబ్బలేదు. పోయినేడు ఒక సాయంత్రం అందరూ ఇళ్లకు పోయాక, ఐలేశన్న ఏదో అనుమానమొచ్చి ఒక్కడే నిచ్చెన ఎక్కి పడిపోయాడు. పొద్దున చూస్తే ప్రాణం లేదు. పిడికిట్లో టేపు ముక్క ఉంది. ఆ నిచ్చెనకు అప్పటినుంచి గొలుసు, తాళం. తాళంచెవి ఆఫీసులో అడిగి తీసుకోవాలి.

మొన్న కార్తీకంలో పొద్దుగూకే వేళ మిలిటరీ వాళ్లు ఇద్దరు వచ్చారు. పైలట్ వర్షిణి, మెకానిక్ రమాకాంత్.

"మాది మానుకోటనే, అన్నా," అందామె. "రేపు తెల్లారకముందే దీన్ని తీస్కపోతం."

బావ బోర్డు చూపించాడు. ఆమె వేలు పెట్టి లెక్కపెట్టింది. పద్నాలుగు. ఆ వేలి వెంటే పోతున్న బావ చూపు ఒకచోట ఆగిపోయింది. పన్నెండో ముక్క చిరిగిన అంచు, పదమూడో ముక్క చిరిగిన అంచు... ఒకదానికొకటి సరిపోతున్నాయి. తీసేటప్పుడు ఒకే టేపు రెండుగా చిరిగింది. రెండూ అతికించి, రెండు తీశాననుకున్నాడు.

అంటే ఒకటి ఇంకా పైనే ఉంది. తోక దగ్గరిది. దాన్ని తీయడానికి నిచ్చెన తాళంచెవి అడిగిన గుర్తే లేదు.

బోర్డు కింద తన సంతకం ఉంది, చెబితే నౌకరీ పోతుంది. వాళ్లు పోయాక గుట్టుగా తీసేద్దాంలే అనుకున్నాడు. సిగ్గులేని ఆలోచన అని బావే ఒప్పుకున్నాడు.

"ఇగ తలుపుకు మా తాళం ఏస్తం," అన్నాడు రమాకాంత్. "పొద్దుగాల్దాక ఎవ్వరు లోపలికి రావొద్దు."

అప్పుడే కరెంటు పోయింది.

ముగ్గురూ ఎక్కడివాళ్లు అక్కడే నిలబడ్డారు. రంగు వాసన... చీకటి. తోక వైపు, పైన —

చర్ర్...ర్ర్...

"పైన ఎవరున్నరు?" మెల్లగా అడిగింది వర్షిణి.

బావ పక్కనుంచి ఎవరో బోర్డు వైపు నడిచినట్టు గాలి కదిలింది.

కరెంటు వచ్చింది.

ఇక దాచలేకపోయాడు. "మేడం... తప్పు జేసిన. తోక కాడ ఒక టేపు తియ్యలే," అని చెప్పేశాడు. చెబుతూ ఏడ్చాడు కూడా.

రమాకాంత్ తోక మీద టార్చి వేశాడు. బెజ్జం తెరిచే ఉంది. చుట్టూ రంగు అంచు కాస్త లేచి ఉంది, ఇప్పుడే పీకినట్టు.

వర్షిణి బోర్డు దగ్గరికి వెళ్లి మళ్లీ లెక్కపెట్టింది. పదిహేను. చివరి ముక్క మూల మడిచి ఉంది.

"తీసే ఉంది గదా అన్నా. ఎవరు తీసిన్రు?"

"ఐలేశన్న," అన్నాడు బావ.

"జర పిలువు ఆయనను. మా పానాలు కాపాడిండు. చెయ్యి కలిపి పోతం."

బావ గోడ వైపు చూశాడు. నిచ్చెన అక్కడే ఉంది, గొలుసుకు వేసిన తాళం వేసినట్టే.